పదమూడు ముక్కలు, ఒక మినహాయింపు: భారతదేశంలో ఆన్‌లైన్ జూద చట్టాల పుట్టుపూర్వోత్తరాలు

ఆన్‌లైన్ జూదం మీద భారతదేశంలో వచ్చిన చట్టాలు, తీర్పులు దాదాపు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఆటలో గెలిపించేది బుర్రా, అదృష్టమా? బుర్ర అయితే అది ఆట, అదృష్టమైతే జూదం. స్మార్ట్‌ఫోన్ ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో గీసిన గీత ఇది. డబ్బు పెట్టి ఆడేవాడికి ఏమవుతోందన్న సంగతి చాలాకాలం ఆ గీతకు అవతలే ఉండిపోయింది.

నిషేధించాలా, అదుపులో పెట్టి ఆడనివ్వాలా అన్న వాదం ఇంకా పాతది. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం అంతా ఒక జూదరి గోడు. అప్పట్లో పాచికలుగా వాడినవి తానికాయలు. మనువు జూదాన్నీ, ప్రాణులను పోటీకి దింపి కాసే పందేలనూ రెండింటినీ రాజ్యంలో లేకుండా చేయమన్నాడు. సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు చూసినవారికి ఆ ఆదేశం ఎంతవరకు చెల్లిందో తెలుసు.

కౌటిల్యుడు వేరే దారి పట్టాడు. జూదమంతా ఒక్కచోట జరగాలి, దాని మీద ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉండాలి, మరోచోట ఆడితే 12 పణాల జరిమానా కట్టాలి అన్నాడు. పాచికలు అద్దెకిచ్చేది ఆ అధికారే. వాటిని మార్చి వేరే పాచికలు వేసినవాడికీ 12 పణాలే. గెలిచినదానిలో నూటికి ఐదు వంతులు ఖజానాకు చేరాలి. దొంగలు, గూఢచారులు ఎక్కడ చేరుతున్నారో తెలుసుకోవడం ఇందులో ముఖ్యోద్దేశం. ఆటగాడి మీద జాలి కాదు. అయినా లైసెన్సు, పరికరాల తనిఖీ, పన్ను అని ఇవాళ దేశాలు ఆన్‌లైన్ జూదానికి పెట్టే షరతులు మూడూ అందులో ఉన్నాయి.

ఆధునిక చట్టం 1867లో మొదలవుతుంది. ఆ ఏడాది ఆంగ్ల ప్రభుత్వం ఉత్తర, మధ్య భారత ప్రాంతాలకు బహిరంగ జూద చట్టం తెచ్చింది. జూదగృహం నడిపితే 200 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల జైలు, అందులో దొరికినవాడికి 100 రూపాయల దాకా జరిమానా లేదా నెల జైలు. పన్నెండో సెక్షన్‌లో మాత్రం ఒక చిన్న మినహాయింపు పెట్టారు. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు ఈ చట్టం వర్తించదు. తరవాతి వందన్నర ఏళ్ల వివాదమంతా ఆ ఒక్క వాక్యంలోంచి పుట్టుకొచ్చింది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో, అంటే 1890ల మధ్యలో, హైదరాబాద్ జూద చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1930లో వేరే చట్టం చేశారు. 1950లో రాజ్యాంగం పందేలు, జూదం అనే అంశాన్ని రాష్ట్రాల జాబితాలో 34వదిగా చేర్చింది. ఇంటర్నెట్‌కు రాష్ట్రాల సరిహద్దులు ఉండవన్న చిక్కు అప్పటికి ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

1957లో పత్రికల బహుమతి పోటీల మీద వచ్చిన చమర్‌బాగ్‌వాలా కేసుల్లో సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చింది. జూదం వ్యాపారం కాదు, కాబట్టి వ్యాపారం చేసుకునే ప్రాథమిక హక్కు దానికి లేదు. నైపుణ్యం పాలు గణనీయంగా ఉన్న పోటీ జూదం కాదు, కాబట్టి దానికి ఆ హక్కు ఉంది. దీంతో నైపుణ్యం అన్న మాట పోలీసు కేసు నుంచి తప్పించుకునే దారిగా మాత్రమే మిగల్లేదు, రాజ్యాంగ రక్షణ కూడా అయింది.

తెలుగు నేలకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన చోటు సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు వల్ల వచ్చింది. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకుని, హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు క్లబ్బు పక్షాన వచ్చింది. రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యమే ప్రధానం అన్నది దాని సారాంశం.

ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చని కోర్టు చెప్పింది. క్లబ్బు వసూలు చేసింది ఏర్పాట్ల ఖర్చుకు కట్టించుకునే కొద్దిపాటి రుసుమే కనుక ఆ కేసు నిలవలేదు. నలభై ఏళ్ల తరవాత రమ్మీ కంపెనీలు మొదటి సగాన్ని ప్రకటనలకెక్కించాయి. ఆట ఆటకూ కమీషన్ కోసుకునే ఆ వ్యాపారానికి రెండో సగం గుర్తుచేసుకోవాల్సిన అవసరం పెద్దగా కనిపించలేదు.

1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలను కూడా నైపుణ్యం ఖాతాలో వేసింది. 2000 దశకం మధ్యలో పేకాట ఇంటర్నెట్‌కు చేరింది. సిక్కిం 2008లో లైసెన్సు పద్ధతి తెచ్చింది, నాగాలాండ్ 2016లో నైపుణ్యపు ఆటలకు లైసెన్సులివ్వసాగింది. అయితే అసలు మార్పు చట్టాల వల్ల రాలేదు. 2016లోనే మొబైల్ డేటా ఒక్కసారిగా చవకైంది, యూపీఐ మొదలైంది. క్లబ్బులో పేకాట ఆడాలంటే అక్కడిదాకా వెళ్లాలి, నలుగురి కంట పడాలి, జేబులో డబ్బు అయిపోతే లేచి రావాలి. ఫోన్‌లో ఈ మూడు అడ్డంకులూ పోయాయి. అర్ధరాత్రి బల్ల ఖాళీ ఉండదు, ప్రత్యర్థి ముఖం కనిపించదు, బ్యాంకు ఖాతా వేలికొసన ఉంటుంది.

నైపుణ్యం అన్న కొలత ఇక్కడే తేలిపోయింది. నైపుణ్యం ఎక్కువగా పనిచేసే ఆటలోనే కొత్తవాడు ఖాయంగా ఓడిపోతాడు. లాటరీలో అందరికీ ఒకే అదృష్టం. పదమూడు ముక్కల రమ్మీలో పండిపోయినవాడి ఎదుట కూర్చున్న కుర్రాడికి ఆపాటి సమానత్వం కూడా ఉండదు. ఆట ఎంత తెలివైనదైతే ఆటగాడికి అంత రక్షణ అనుకోవడానికి ఆధారం లేదు. చట్టం మాత్రం అలాగే అనుకుంటూ వచ్చింది.

ముందుగా ఎదురుతిరిగింది తెలంగాణ. సికింద్రాబాద్ తీర్పుకు సరిగ్గా యాభై ఏళ్లకు, 2017లో, ఆర్డినెన్సులతో 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను అందులోకి తెచ్చింది. నైపుణ్యపు ఆట మీద డబ్బు కాయడం కూడా పందెమేనంది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, మళ్లీ దొరికితే రెండేళ్ల జైలు, ఆడేవారికి ఆరు నెలల దాకా జైలు అని నిర్ణయించింది. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపేయమని ఆనాటి ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. రాష్ట్రం నిషేధించగలదు గానీ ఇంటర్నెట్‌లో ఒక సైటును మూయించగలిగేది కేంద్రమే. ఆ లేఖ ఎందుకు రాయాల్సి వచ్చిందో అర్థం చేసుకుంటే రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం ఎంత బలహీనమైందో తెలుస్తుంది.

తమిళనాడు, కర్ణాటక కూడా నిషేధించాయి గానీ కోర్టుల్లో నిలవలేదు. మద్రాసు హైకోర్టు 2021 ఆగస్టులో, కర్ణాటక హైకోర్టు 2022 ఫిబ్రవరిలో ఆ నిషేధాలను కొట్టేశాయి. రెండుచోట్లా పనిచేసింది నైపుణ్యం గీతే. తమిళనాడు ఊరుకోకుండా మరో చట్టం చేసింది. అందులోనూ రమ్మీ, పోకర్ల నిషేధాన్ని హైకోర్టు 2023లో తొలగించి, నియమాలు పెట్టుకోవచ్చంది. ఆ నియమాలు 2025లో వచ్చాయి. దేశంలో ఆటను కాక ఆటగాణ్ణి చూసి రాసిన నియమాల్లో ఇవి చెప్పుకోదగ్గవి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ప్రవేశం లేదు. ఆధార్‌తో గుర్తింపు తప్పనిసరి. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఆట బందు. గంట దాటి ఆడితే తెర మీద హెచ్చరిక, ఆపైన ప్రతి అరగంటకూ మరొకటి. కంపెనీలు సవాలు చేశాయి, 2025 జూన్‌లో హైకోర్టు ఆ నియమాలను సమర్థించింది.

ఇలాంటి రక్షణలు బ్రిటన్‌లో అంతకుముందే వేళ్లూనాయి. అక్కడ 2005 చట్టంతో ఏర్పడిన గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సులిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం కుదరదు. ఆడకుండా ఉండలేనివాడు గ్యామ్‌స్టాప్ అనే జాబితాలో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అతణ్ణి రానివ్వకూడదు. అప్పు తెచ్చి ఆడటాన్నీ, మానేయలేని బలహీనతనూ ప్రభుత్వం తన పనిగా గుర్తించడం అంటే అదే.

కేంద్రం 2023 దాకా పెద్దగా కదల్లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి, ఏ ఆట సక్రమమో పరిశ్రమ పెట్టుకునే స్వీయ నియంత్రణ సంస్థలే తేల్చాలంది. అలాంటి సంస్థ ఒక్కటి కూడా గుర్తింపు పొందలేదు. పన్నుల దగ్గర మాత్రం జాప్యం జరగలేదు. గెలుపు మీద 30 శాతం ముందే కోత పెట్టారు, ఆ అక్టోబరు నుంచి ఆటగాడు జమచేసే మొత్తం డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వేశారు. కౌటిల్యుడి ఐదు శాతంతో పోలిస్తే ఖజానా వాటా బాగానే పెరిగింది.

2025 ఆగస్టులో కథ ఒక్కసారిగా మలుపు తిరిగింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును 20న లోక్‌సభలో పెట్టి ఆ రోజే ఆమోదించారు, 21న రాజ్యసభ ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం చేశారు. ఆటలో నైపుణ్యమున్నా, అదృష్టమున్నా, రెండూ ఉన్నా సరే, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధం. 1867 నాటి మినహాయింపుకు ఈ చట్టంలో చోటు లేదు. నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చినవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆ డబ్బు చెల్లింపులకు దారి ఇచ్చే బ్యాంకులు, చెల్లింపు సంస్థలకూ శిక్ష ఉంది. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వం చెప్పిన అంచనా. ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు వచ్చింది, డబ్బు పెట్టని సరదా ఆటలకు అనుమతి ఉంది. పెద్ద కంపెనీలు రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి. భారత క్రికెట్ జట్టు చొక్కా మీద అలాంటి కంపెనీ డ్రీమ్11 పేరు కూడా పోయింది.

ఈ చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, అతణ్ణి బాధితుడిగానే చూసింది. 1867 చట్టం నెల జైలు రాసిన చోట, ఆంధ్రప్రదేశ్ చట్టం ఆరు నెలలు రాసిన చోట ఇక్కడ ఏమీ రాయలేదు. అయితే విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌ల చేతిలో పడినవాడికి సమయ హద్దూ లేదు, వయసు తనిఖీ లేదు, ఫిర్యాదు వినే లైసెన్సుదారూ లేడు. సైటు మూస్తే కొత్త పేరుతో మరోటి తెరుచుకుంటుంది, డబ్బు అద్దె బ్యాంకు ఖాతాల గుండా పోతుంది. నిషేధించిన దేశాలకూ, లైసెన్సులిచ్చే దేశాలకూ మధ్య ఉన్న అసలు తేడా ఇదే.

కొత్త చట్టాన్ని సవాలు చేస్తూ కర్ణాటక, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకుంది. కంపెనీల ప్రధాన వాదన నైపుణ్యపు ఆట వ్యాపారమేనన్నది. ఆ వాదన వేళ్లు 1957 నాటి బహుమతి పోటీల తీర్పులోనూ, 1967 నాటి సికింద్రాబాద్ క్లబ్బు తీర్పులోనూ ఉన్నాయి.