డోర్ రబ్బరుకి ఇంజిన్ ఆయిల్ రాస్తున్నారా? ముందు ఈ 185 ఏళ్ల కథ వినండి

 

మన హైవే పక్కన పంక్చర్ షాపుల బోర్డులు చూసే ఉంటారు. చాలా వాటి మీద ‘వల్కనైజింగ్’ అని రాసి ఉంటుంది. ఈ మాట రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద పుట్టింది. దీని వెనక ఉన్న కథ తెలిస్తే, మీ కారు డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ని ఎలా చూసుకోవాలో మీకే అర్థమవుతుంది.

1830ల్లో అమెరికాలో రబ్బరు అంటే తెగ మోజు. రబ్బరు కోట్లు, రబ్బరు బూట్లు వచ్చాయి. కానీ పచ్చి రబ్బరుకి ఒక జబ్బుంది. మన బెల్లం వానాకాలంలో చెమ్మగిల్లి చేతికి అంటుకున్నట్టే, అది ఎండకి జిగురైపోయేది. చలికేమో బిగుసుకుని పగిలేది. కొన్నవాళ్లు తెచ్చి వెనక్కిచ్చేశారు, చాలా కంపెనీలు మూతపడ్డాయి.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దీనికి మందు కనిపెట్టాడు. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే, గంధకం రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. ఇంక ఎండకి కారదు, చలికి పగలదు. 1844లో పేటెంట్ వచ్చింది. అయినా 1860లో ఆయన అప్పులతోనే చనిపోయాడు. 1898లో పెట్టిన గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీకి ఆయన పేరు పెట్టారు గానీ, ఆయన కుటుంబానికి దాంతో సంబంధం లేదు.

మరి అంత గట్టి రబ్బరు మీద సన్న సన్న పగుళ్లు ఎందుకొస్తాయి? ఎండ ఒక్కటే కాదు, గాలిలోని ఓజోన్ కూడా కారణం. సహజ రబ్బరు గొలుసులో ఉండే జంట బంధాలను ఓజోన్ తెంచేస్తుంది. రబ్బరు సాగి లేదా వంగి ఉన్నచోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. 1950 ప్రాంతంలో లాస్ ఏంజిలెస్‌లో హాగెన్-స్మిత్ అనే శాస్త్రవేత్త, వంచిన రబ్బరు ముక్కలు ఎంత పగిలాయో చూసి గాలిలో ఓజోన్ ఎంతుందో అంచనా వేశాడు!

దీనికి జవాబుగా వచ్చిందే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. జీగ్లర్, నట్టా అనే ఇద్దరి ఉత్ప్రేరకాల పని వల్ల 1960ల్లో మార్కెట్లోకి వచ్చింది. ఆ ఇద్దరికీ 1963లో నోబెల్ ఇచ్చారు. దీని అసలు గొలుసులో జంట బంధాలు లేవు కాబట్టి ఓజోన్‌కి తెంచడానికి ఏమీ దొరకదు. ఇప్పటి కార్ల డోర్ బీడింగులు ఎక్కువగా దీంతోనే చేస్తారు. నలుపు రంగు కూడా అందానికి కాదు. అందులో కలిపే కార్బన్ బ్లాక్ ఎండ దెబ్బని ఆపుతుంది.

కానీ ఈపీడీఎంకి ఒక బలహీనత ఉంది. పెట్రోలియం నూనెలు తగిలితే పీల్చుకుని ఉబ్బి, మెత్తబడిపోతుంది. డీజిల్, ఇంజిన్ ఆయిల్, గ్రీజు రాస్తే ఆ రోజుకి నిగనిగలాడుతుంది, తర్వాత బిగువు పోతుంది. కొబ్బరినూనె అయితే జిడ్డై దుమ్ము పట్టేస్తుంది.

బీడింగ్ బిగువు పోతే ఏమవుతుంది? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన తీరాన్ని తాకిన రోజు గుర్తుందా? అలాంటి వానకి నీళ్లు డోర్ సందులోంచి దిగి కార్పెట్ కింద చేరతాయి. పైకి కనపడవు. వాసన వచ్చేసరికి ఫ్లోర్ తుప్పు పట్టడం మొదలైపోతుంది. బండి అమ్మేటప్పుడు కొనేవాడు ముందు చూసేది అదే.

అందుకే రెండు మూడు నెలలకోసారి సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో బీడింగ్ తుడవండి. బాగా ఆరాక సిలికాన్ గ్రీజు లేదా స్ప్రే పల్చగా రాయండి. డోర్ల అడుగున నీళ్లు కారే రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా చూడండి. చివరగా ఒక పరీక్ష: డోర్ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే బాగున్నట్టే. చుట్టూ అలాగే చూడండి. ఎక్కడైనా వదులుగా జారిపోతే అక్కడ బీడింగ్ మార్చే టైమ్ వచ్చింది.

2022 ఆగస్టులో మన జిల్లా అచ్యుతాపురంలో యోకోహామా గ్రూపు టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ తయారయ్యే భారీ టైర్లకీ, రోడ్డు పక్క పంక్చర్ షాపు బోర్డుకీ మూలం ఆ 1839 నాటి గంధకమే. తుఫాన్ల సీజన్ రాకముందే మీ డోర్లకి కాగితం పరీక్ష చేసేయండి. ఉంటాను మరి.