ఆగస్టులో కనపడని గుంట

మసాచుసెట్స్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక చిన్న అడవి, అందులో ఒక గుంట ఉన్నాయి. గుంట అంటే పెద్దగా ఊహించుకోకండి, టెన్నిస్ కోర్టంత కూడా ఉండదు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆగస్టులో చూస్తే ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. ఏప్రిల్ మొదట్లో రాత్రిపూట అటునుంచి బాతుల గోల వినపడితే ఎవరో పెంచుకుంటున్నారనుకున్నా. అవి బాతులు కాదు, ఉడ్ ఫ్రాగ్స్ అనే కప్పలని పక్కింటి పెద్దావిడ చెప్పింది.

ఇలాంటి గుంటల్ని వర్నల్ పూల్స్ అంటారు. మంచు కరిగి, వానలు పడితే నిండుతాయి. చాలామటుకు వేసవిలో ఎండిపోతాయి. ఆ ఎండిపోవడమే వీటి గొప్పతనం. ఎండిపోతాయి కాబట్టి చేపలుండవు, చేపల్లేవు కాబట్టి గుడ్లూ తోకకప్పలూ బతికి బట్టకడతాయి. ఉడ్ ఫ్రాగ్ చలికాలమంతా ఆకుల కింద గడ్డకట్టి, గుండె కూడా ఆగిపోయి పడుంటుంది, వసంతం రాగానే లేచి గుంట దారి పడుతుంది. పసుపు చుక్కల సాలమాండర్ (బల్లి ఆకారం, కప్ప చర్మం అనుకోండి) ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోపలే ఉండి, మొదటి వెచ్చటి వాన రాత్రి బయటికొస్తుంది. ఆ రాత్రికి ఇక్కడివాళ్ళు 'బిగ్ నైట్' అని పేరు పెట్టుకున్నారు.

సరే, ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, ఈ గుంటల చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఏడాదిలో కొన్ని నెలలే ఉండేదాన్ని చట్టం నీరు అనాలా, నేల అనాలా?

1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ రాసింది 'నౌకాయానానికి వీలైన జలాల' కోసం. మా గుంటలో కాగితప్పడవ తప్ప ఏదీ నడవదు. అయినా చాలాకాలం ఆ మాటకి అధికారులు విశాలమైన అర్థమే చెప్పారు. 2001లో ఇల్లినాయ్‌లోని కొన్ని పాడుబడ్డ కంకర గుంతల కేసులో, వలసపక్షులు వాలుతున్నాయన్న కారణం చాలదని సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, చిత్తడినేలకి పెద్ద నీటితో పైకి కనిపించే ఎడతెగని కలయిక ఉండాలంది. వర్నల్ పూల్‌కి మామూలుగా లేనిదే అది! కలయిక ఉంటే చేపలొస్తాయి కదా.

దాంతో భారమంతా రాష్ట్రాల మీద పడింది. ఈ విషయంలో మసాచుసెట్స్ ముందే మేలుకుంది. 1987లో తన చిత్తడినేలల నిబంధనల్లో వర్నల్ పూల్స్‌ని చేర్చింది. అదే ఏడాది ఆమ్హర్స్ట్ ఊళ్ళో హెన్రీ స్ట్రీట్ కింద సాలమాండర్లు దాటడానికి రెండు చిన్న సొరంగాలు వేశారు. అంతకు ముందు వాన రాత్రుల్లో జనం వాటిని బకెట్లలో పెట్టుకుని రోడ్డు దాటించేవారు. తమాషా ఏంటంటే, మనదేశం కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించిందీ 1987లోనే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. గుంటకి సర్టిఫికేషన్ కావాలంటే అక్కడ ఇవి గుడ్లు పెడుతున్నాయని ఎవరో ఒకరు ఫొటోలు, మ్యాపుతో సహా రాష్ట్రానికి పంపాలి. ఆ ఎవరో మీరైనా కావచ్చు, నేనైనా కావచ్చు. మన భాషలో చెప్పాలంటే ఇదొక ఇంటర్మిటెంట్ బగ్. ఆగస్టులో టెస్ట్ చేస్తే 'నాట్ రీప్రొడ్యూసిబుల్' అని మూసేస్తారు. కనపడిన ఆ నాలుగు వారాల్లోనే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి.

ఇదంతా తెలిసి కూడా నేను పోయినేడు తీయలేదు. రిలీజ్ ఉంది, వచ్చే వారాంతం చూద్దాం అనుకుంటూ నాలుగు వారాంతాలు గడిపేశా. సెప్టెంబర్లో వెళ్తే అడవిలో సర్వే కర్రలు, వాటికి గులాబీ రంగు రిబ్బన్లు! గుంట ఉందని వాదించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఆ శీతాకాలమంతా ఆ రిబ్బన్లు చూసినప్పుడల్లా సిగ్గేసింది.

అదృష్టం బావుండి ఈ వసంతం దాకా పని మొదలవలేదు. మార్చి చివర్లో వానలో టార్చి, కెమెరా పట్టుకుని వెళ్ళా. తర్వాత రెండు వారాలకి, నీళ్ళలో కొమ్మలకి అంటుకున్న జిగురు ముద్దల్లో గుడ్లు కనపడ్డాయి. ఇరవైమూడు ఫొటోలు తీసి, మ్యాపు మీద చుక్క పెట్టి, ఫారం నింపి పంపాను. జవాబు ఇంకా రాలేదు.

పెద్ద చట్టాలు, పెద్ద కోర్టులు చెరువుల్నీ నదుల్నీ చూసుకుంటాయి. ఇంత చిన్న గుంటలు మిగిలాయంటే మాత్రం, వానలో బకెట్లు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ వల్లే మిగిలాయని నా అభిప్రాయం. నేను ఒక ఏడాది ఆలస్యంగా వెళ్ళాను. మీ ఇంటి వెనక కూడా రాత్రిపూట బాతుల గోల వినిపిస్తే, వచ్చే వారాంతం దాకా ఆగకండి.