ఢిల్లీ దౌత్య విందులు

విదేశీ నేతలకు భారత ప్రభుత్వం ఢిల్లీలో ఇచ్చే అధికారిక విందుల్లో, ఎవరికి ఎక్కడ విస్తరి వేయాలో హోదాను బట్టి ముందే తేలిపోతుంది. దేశాధ్యక్షులకు రాత్రి భోజనం రాష్ట్రపతి భవన్‌లో. ప్రధాని ఇచ్చే మధ్యాహ్న విందు ఎక్కువగా ఇండియా గేట్ దగ్గరి హైదరాబాద్ హౌస్‌లో. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ రూపొందించిన భవనం ఇది. రాష్ట్రపతి భవన్ విందుశాలలో పొడవాటి బల్లకు 104 మంది కూర్చుంటారు. గోడల మీది మాజీ రాష్ట్రపతుల పటాలపైన చిన్న దీపాలుంటాయి. ఎప్పుడు వడ్డించాలో, ఎప్పుడు పళ్లేలు తీయాలో వడ్డనవారికి ఆ వెలుగే చెబుతుంది. మన పెళ్లి పంక్తుల్లోలాగా "ఇటు సాంబారు!" అన్న కేక అక్కడ వినపడదు.

ఇంత తంతుతో మనసులు మారతాయా? మారతాయనడానికి ఢిల్లీ చరిత్రలో ఆధారం తక్కువ. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లైకి మర్యాదలన్నీ జరిగాయి, సరిహద్దు తగువు మాత్రం తెగలేదు. రెండేళ్లకు యుద్ధమే వచ్చింది. 2001 జులై 14న పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్‌కు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ విందిచ్చారు, రెండు రోజులకే ఆగ్రా చర్చలు ఉమ్మడి ప్రకటన లేకుండా ముగిశాయి. పని నెరవేరినచోట కూడా ఆ ఖ్యాతిని వంటవాడికి కట్టబెట్టలేం. 2023 సెప్టెంబరు 9న జీ20 ఢిల్లీ ప్రకటనపై ఏకాభిప్రాయం మధ్యాహ్నమే కుదిరింది. భారత్ మండపంలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విందు ఆ రాత్రి.

అలాగని విందు దండగ అనేయలేం. ఆతిథేయి తానెవరో చాటుకునే చోటు అది. జీ20 విందులో అంతా శాకాహారమే: మొదట పెరుగు, చట్నీలతో కరకరలాడే కొర్రల వంటకం, తర్వాత పనస, పక్కన సామలు, కేరళ ఎర్రబియ్యం, చివర యాలకుల వాసనతో ఊదల తీపి. భారత్ ప్రతిపాదన మీదే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. వరన్నం పండగనాటి మాటైన మెట్ట ఊళ్లలో పేదల కూడుగా చులకనైన కొర్రలకు దక్కిన పీట అది. మాంసాహారులే ఎక్కువున్న దేశానికి ఈ పళ్లెం ప్రతినిధా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కానీ పళ్లెం ఏదో చెబుతోంది కాబట్టే దానిమీద వాదన పుడుతుంది. ఆ విందు ఆహ్వానపత్రంలో 'ఇండియా' అనకుండా 'ప్రెసిడెంట్ ఆఫ్ భారత్' అన్న మూడు మాటలైతే వంటకాలన్నిటికంటే పెద్ద రచ్చ చేశాయి.

తినకపోవడమూ మాటే. 2014 సెప్టెంబరులో వైట్‌హౌస్ విందులో మోదీ నవరాత్రి ఉపవాసమని గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టుకున్నారు, ఎవరూ నొచ్చుకోలేదు. పారిస్‌లో అలా కుదరలేదు. బల్లమీద వైన్ ఉండరాదని ఇరాన్, తీసేది లేదని ఫ్రాన్స్ పట్టుబట్టడంతో 2016 జనవరిలో అధ్యక్షుడు రూహానీకి విందు భోజనమే పెట్టలేదు. ఎయిర్‌బస్ విమానాల ఒప్పందం మాత్రం ఆ పర్యటనలోనే కుదిరింది.