అమ్ముడుపోని మాంసం

“లాక్‌హార్ట్‌ల ఫోర్క్ అడగకు రా బామ్మర్దీ, నవ్వుతరు” అని బావ కార్లోనే చెప్పాడు.

బావది వరంగల్ పక్కన పల్లె. ఆస్టిన్‌కు వచ్చి పదిహేనేళ్ళయింది. వారమంతా కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు పొగలో. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా కట్టెల పొయ్యి వాసన పోదని అక్క విసుగు. సెలవు దొరికితే కొండలూ సముద్రాలూ చూడబోయే మనిషి కాదు. ఏ ఊళ్ళో ఏ మాంసాన్ని ఏ కట్టె మీద కాలుస్తారో, అదే ఆయన తీర్థయాత్ర. మొన్న నేను వెళ్ళినప్పుడు నన్నూ వెంటేసుకున్నాడు.

ఆస్టిన్ నుంచి దక్షిణంగా యాభై కిలోమీటర్ల లోపే లాక్‌హార్ట్. చిన్న ఊరు. టెక్సస్ ప్రతినిధుల సభ 1999లో దాన్ని రాష్ట్రానికి బార్బెక్యూ రాజధాని అని తీర్మానించింది. ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే మనకెంత గర్వమో, వాళ్ళకీ అంతే. మేం ముందుగా స్మిటీస్ మార్కెట్‌కు వెళ్ళాం. ఇటుక పొయ్యిల చివర, నేల మీదే, కాళ్ళకు తగిలేంత దగ్గర్లో పోస్ట్ ఓక్ మొద్దులు మండుతున్నాయి. గోడలు మసి పట్టి తారు పూసినట్టున్నాయి. మాంసాన్ని తూకం వేసి, గోధుమరంగు కాగితంలో పెట్టి చేతికిచ్చారు. పళ్ళెం లేదు. ఫోర్కు సంగతి బావ ముందే చెప్పాడుగా.

ఎందుకు లేదో తెలియాలంటే ఆ పొయ్యిలు పుట్టిన సంగతి తెలియాలి. ఆ చోట మొదట ఉన్నది హోటల్ కాదు, కసాయి దుకాణం. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్, చెక్ వలసదారులు టెక్సస్ నడిమి జిల్లాల్లో దిగారు. వాళ్ళలో కసాయి పని తెలిసినవాళ్ళు దుకాణాలు పెట్టారు. 1900లో చార్లెస్ క్రైట్స్ లాక్‌హార్ట్‌లో తెరిచింది అలాంటిదే, మాంసంతోపాటు కిరాణా కూడా. ఫ్రిజ్‌లు లేవు, టెక్సస్ ఎండ మన రామగుండం ఎండకు ఏమీ తీసిపోదు. మంచి ముక్కలు పొద్దున్నే అమ్ముడుపోయేవి. సాయంత్రానికి మిగిలేవి ముందుకాళ్ళ దగ్గరి బిరుసు కండలు, తరుగు. తరుగు సాసేజిలోకి పోయేది, కండలు వెనక పొయ్యిలోకి పోయేవి. పాడవకుండా ఉండడానికి వేసిన పొగ అది. రుచి తర్వాత వచ్చి చేరింది.

దాన్ని మొదట తిన్నదెవరో బావ చెప్పినప్పుడు నాకు వరంగల్‌లో పత్తి అమ్మే ఎనుమాముల మార్కెట్ గుర్తొచ్చింది. శరదృతువులో పత్తి ఏరడానికి నల్లజాతి కూలీలు, మెక్సికన్ కూలీలు ఊరికి వచ్చేవారు. వర్ణవివక్ష రోజులు. హోటళ్ళలో వాళ్ళకు కుర్చీ ఉండేది కాదు. కసాయి దుకాణంలో మాత్రం డబ్బిస్తే మాంసం ఇచ్చేవారు. దుకాణంలోనే ఓ మూల నిలబడి, కాగితం విప్పి, అల్మారాలోంచి కొన్న బిస్కెట్లతోనో ఉల్లిపాయతోనో తినేసేవారు. దుకాణదారు పెట్టిందల్లా కోసుకోవడానికి ఓ కత్తి. అదీ ఎవరూ పట్టుకుపోకుండా బల్లకు గొలుసేసి ఉండేది. ఇవాళ గంటసేపు వరసలో నిలబడి మరీ మురిసిపోతున్న ఆ కాగితం వడ్డన, కూర్చోనివ్వని కాలం మిగిల్చింది. నిప్పుల గుంట మీద గంటలకొద్దీ మాంసం కాల్చే విద్య కూడా అమెరికా దక్షిణాదిలో ఎక్కువగా బానిసత్వంలో ఉన్న నల్లవాళ్ళ చేతుల మీదే పెరిగింది. కీర్తి పంచుకునేటప్పుడు ఆ పేర్లు చాలావరకూ రాయలేదు.

స్మిటీస్ నుంచి బయటికొచ్చి కాస్త దూరం పోతే ఇప్పటి క్రైట్స్ మార్కెట్. ఒకే దుకాణం రెండెలా అయిందంటే మనకు బాగా తెలిసిన కారణమే, వాటాలు. 1948లో ఆ వ్యాపారాన్ని క్రైట్స్ కుటుంబం నుంచి ఎడ్గర్ ష్మిట్ కొన్నాడు. ఆయన ముద్దుపేరు స్మిటీ. తదనంతరం వ్యాపారం కొడుకుల చేతిలో, భవనం కూతురి చేతిలో పడ్డాయి. అద్దె దగ్గర పొసగలేదు. 1999లో కొడుకుల్లో ఒకడు పేరునూ వ్యాపారాన్నీ తీసుకుని కొత్త చోటుకు మారాడు. పోతూ పోతూ పాత పొయ్యిలోని నిప్పుల్ని ఇనప తొట్టిలో వేసి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయి కొత్త పొయ్యి అంటించాడు. కూతురు పాత భవనంలో తండ్రి పేరుతో దుకాణం తెరిచింది. మన పల్లెల్లో పక్కింటికెళ్ళి పిడక మీద నిప్పు తెచ్చుకున్నవాళ్ళకు ఇదేమీ వింత కాదు. గోడలు పంచుకోవడం చూశాను గానీ, పొయ్యిలో నిప్పు పంచుకోవడం వినడం నాకదే మొదలు.

ఇప్పుడు అందరూ కలవరించే బ్రిస్కెట్, అంటే రొమ్ము కండ, మొదట్నుంచీ రాజు కాదు. పాతరోజుల్లో ముందుభాగం మొత్తం పొయ్యెక్కేది. 1960ల చివర్లో ప్యాకింగ్ కంపెనీలు పశువును ముక్కలవారీగా పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టాక, చవగ్గా దొరికే ఈ ఒక్క ముక్కనే తెప్పించుకోవడం తేలికైంది. చవక ఎందుకంటే బిరుసు. పశువుకు మనలా మెడ కింద అడ్డ ఎముక ఉండదు, ముందుభాగం బరువును ఈ కండలే మోయాలి. అందుకే నిండా కొలాజెన్. పన్నెండు గంటలు సన్నటి సెగ తగిలితే అది కరిగి జిగురవుతుంది. రాత్రంతా ఉడికిన పాయా పులుసు వేళ్ళకంటుకుంటుందే, అదే.

బావ మొదటి బ్రిస్కెట్ చెప్పుల తోలైందని అక్క ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. జరిగిందేమిటంటే, మాంసం లోపలి వేడి అరవై ఎనిమిది డిగ్రీల దాకా చక్కగా పెరిగి, అక్కడ ఆగిపోయింది. గంట, రెండు గంటలు, నాలుగు గంటలు. ముల్లు కదల్లేదు. భయపడి మంట పెంచాడు. దీన్ని అక్కడివాళ్ళు ‘స్టాల్’ అంటారు. కొవ్వు కరగడం వల్లనో, కొలాజెన్ వల్లనో అని చాలాకాలం వాదించుకున్నారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగం చేసి తేల్చింది మరొకటి: మాంసానికి చెమట పడుతోంది. పైకి ఊరిన తడి ఆవిరవుతూ, పొయ్యి ఇచ్చిన వేడినంతా పట్టుకుపోతోంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే కిటుకే. “చిన్నప్పటి నుంచి కుండనీళ్ళు తాగినోన్ని, నాకు తట్టద్దా!” అని బావ తలకొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ దశ రాగానే కాగితంలో చుడతాడు. చెమట ఆగితే వేడి మళ్ళీ ఎక్కుతుంది. చుట్టేదీ ఆ కసాయి కాగితమే.

ఆయన పెరట్లో రెండు పొయ్యిలున్నాయి. పెద్దది వాడి పారేసిన ప్రొపేన్ ట్యాంకును అడ్డంగా పడుకోబెట్టి వెల్డింగ్ చేయించింది. చిన్నది నల్లటి గుండ్రటి కెటిల్. దీని పుట్టుక తమాషా. షికాగోలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ పనిచేసేవాడు. సరస్సులో పడవలకు దారి చూపే ఇనప బోయాలు అక్కడ తయారయ్యేవి. పెరట్లో తన మూతలేని పొయ్యి గాలికీ వానకీ ఆగడం లేదని విసిగి, 1952లో బోయా గుండును రెండు చిప్పలుగా తీసుకుని, కింది చిప్పకు మూడు కాళ్ళు, పై చిప్పకు పిడి పెట్టించాడు. మొదటిసారి మూత వేయగానే మంట ఆరిపోయిందట. గాలి ఆడడానికి బెజ్జాలు పొడవమని సలహా ఇచ్చింది పక్కింటాయన. తర్వాత రష్యావాళ్ళు ఉపగ్రహం పంపాక జనం దానికి స్పుత్నిక్ అని పేరు పెట్టారు.

అందులో పోసే బొగ్గు బిళ్ళలు ఇంకో కార్ఖానా చెత్త. హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కార్లలో ఒక్కోదానికి సుమారు వంద బోర్డు అడుగుల కలప పట్టేది. అందుకని తన బంధువు భర్త ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ సాయంతో మిషిగన్‌లో 3,13,000 ఎకరాల అడవి కొని, రంపపు మిల్లు పెట్టాడు. కొమ్మలూ రంపపు పొట్టూ గుట్టలు పడుతుంటే పిసినారి ఫోర్డ్‌కు నిద్ర పట్టలేదు. ఆరెగన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆరిన్ స్టాఫర్డ్ కనిపెట్టిన పద్ధతిలో ఆ చెత్తను కాల్చి, పిండితో ముద్దచేసి బిళ్ళలు కొట్టించాడు. కార్ల షోరూముల్లోనే అమ్మించాడు.

కాన్సస్ సిటీ నేను చూడలేదు. బావ పదకొండు గంటలు కారు నడిపి వెళ్ళొచ్చాడు. అక్కడి ఆర్థర్ బ్రయంట్స్‌లో బ్రిస్కెట్ కోసేవాడు, మాడిన కొసల్ని బల్ల మీద ఓ పక్కకు నెట్టేసేవాడట. వరసలో నిలబడ్డవాళ్ళు ఊరికే ఏరుకు తినేవాళ్ళు. ఆ ఊళ్ళోనే పుట్టిన రచయిత కాల్విన్ ట్రిలిన్ 1972లో ఆ కొసల గురించి నోరూరేలా రాశాడు. దాంతో ‘బర్న్ట్ ఎండ్స్’ దేశమంతా తెలిసిపోయాయి. ఇప్పుడు వాటికి మంచి ముక్క కన్నా ఎక్కువ ధర. అసలైన కొసలు చాలక మాంసాన్నే కోసి మళ్ళీ కాలుస్తున్నారు. “ఫుకట్ది పోయి పది డాలర్లయింది” అని బావ ఏడుపు.

ఆ రాత్రి కెటిల్ పక్కన కూర్చుని ఆయన వాళ్ళ నాయనమ్మ గురించి చెప్పాడు. ఆదివారం తెచ్చిన పెద్దకూర సోమవారానికి మిగిలితే, ఆమె పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేసేది. మా ఇంట్లోనూ అంతే. తునకలు. కాకుల్ని తోలడం పిల్లల వంతు. వానాకాలం కూలి దొరకని రోజున రెండు తునకలు నిప్పుల మీద కాల్చి, దంచి, కారంతో పెడితే ఇంటిల్లిపాదికీ రొట్టెలోకి సరిపోయేది.

బావ ఒకసారి ఇక్కడి పెరట్లోనూ తాడు కట్టి ఆరేశాడట. మూడో రోజు కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పట్నుంచీ తునకలు ట్యాంకు పొయ్యిలో, పోస్ట్ ఓక్ పొగలో ఆరుతున్నాయి. డబ్బా తెచ్చి, నాలుగు తీసి కెటిల్లో కాల్చాడు. అక్క ఉల్లిపాయ కోసుకొచ్చింది. నాకు భలే నచ్చాయి.

“మంచిగనే ఉన్నయ్ గానీ ఎండ వాసన రాలే” అన్నాడు బావ, ఇంకొకటి నిప్పుల మీద వేస్తూ.