మిగులు ఉన్ని, కూలి నూలు

కొన వద్ద చిన్న కొక్కెం ఉన్న ఒకే సూదితో, ఒక ఉచ్చులోంచి దారాన్ని మరో ఉచ్చుగా లాగుతూ బట్టను తయారుచేసే అల్లికను క్రోషే అంటారు. రెండు సూదులతో స్వెటరు అల్లేటప్పుడు వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే నిలవాలి, ఒకటి జారితే కింది వరుసలు కూడా విడిపోతాయి. క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సాధారణంగా సూదికి ఒక్క ఉచ్చే మిగులుతుంది కనుక, పనిని ఎక్కడైనా ఆపి, పొయ్యి మీది గిన్నె దించి వచ్చి, తిరిగి అక్కడి నుంచే అందుకోవచ్చు. ఇంటి పనుల మధ్య పదేపదే లేవక తప్పని ఆడవారి చేతుల్లో ఈ అల్లిక స్థిరపడడానికి ఈ వెసులుబాటే ముఖ్య కారణం కావచ్చు. దీని వయసు మాత్రం చాలామంది అనుకునేంత పెద్దది కాదు. అచ్చులో దొరుకుతున్న తొలి నమూనాలు 1820ల నాటి డచ్చి పత్రిక ‘పెనెలోపె’లోనివి, అవీ డబ్బు సంచుల కోసం ఇచ్చినవే.

ఈ సూది జీవనాధారంగా మారింది ఐర్లండులో. 1845లో తెగులు సోకి బంగాళదుంప పంట నాశనమై కరువు విరుచుకుపడినప్పుడు, కార్క్ నగరపు ఉర్సులైన్ సన్యాసినులు పేద స్త్రీలకు క్రోషే నేర్పారు. 1847లో క్లోన్స్ పట్టణంలో చర్చి మతాధికారి భార్య కసాండ్రా హ్యాండ్ అదే పని చేపట్టారు. వెనిస్ లేసును పోలిన పూలను, ఆకులను క్రోషేలో అల్లే పద్ధతిని రియేగో డ లా బ్రాంషార్డియేర్ తన నమూనా పుస్తకాల ద్వారా వ్యాప్తిలోకి తెచ్చారు. ఒక ఇంట్లో పూలు, మరో ఇంట్లో ఆకులు తయారయ్యేవి, వాటిని వల వంటి అల్లికతో కలిపేది వేరే చేతులు. పూర్తయిన లేసు ధనికుల దుస్తుల మీదికి చేరేది, అల్లినవారికి దక్కేది ఆకలి తీర్చుకునేంత కూలి.

అమెరికాలో అదే సూది వేరే దారి పట్టింది. సోఫా మీదో మంచం మీదో కప్పే ఉన్ని దుప్పటిని అక్కడ అఫ్గాన్ అంటారు. స్వెటర్లు, మేజోళ్లు అల్లగా మిగిలిన ఉన్ని ముక్కలతో చిన్న చిన్న చదరాలు చేసి, వాటిని దుప్పటిగా కలిపే నమూనాను 1885లో ‘ప్రైరీ ఫార్మర్’ అనే రైతుల పత్రిక ప్రచురించింది. రంగురంగుల ఈ చదరమే తరువాతి కాలంలో గ్రానీ చదరంగా, అంటే అమ్మమ్మల చదరంగా, ప్రసిద్ధికెక్కింది. ఆ చదరాన్ని విడి ముక్కగా ఆపకుండా చుట్టు మీద చుట్టుగా పెంచుకుంటూ పోతే దుప్పటి మొత్తం ఒకే చదరమవుతుంది. మొదలును కొంచెం మార్చితే దీర్ఘచతురస్రమవుతుంది.

ఆ మార్పులోని లెక్క గమనించదగినది. చదరానికి మధ్యలో చిన్న వలయంతో మొదలుపెడతారు, దీర్ఘచతురస్రానికి బారుగా చైన్ వేస్తారు, అంటే ఒకదానిలో ఒకటి దూరిన ఉచ్చుల గొలుసు. ఆ గొలుసు ఒక అంచు వెంట మూడేసి ట్రెబుల్ కుట్లను, అంటే సూదికి దారం ఒకసారి చుట్టి పొడవుగా లాగిన కుట్లను, గుత్తులుగా వేస్తారు. చివరి కన్నులో మూడు గుత్తులు వేసి, వాటి మధ్య చిన్న ఖాళీలు విడిస్తే రెండు మూలలు ఏర్పడతాయి. అక్కడి నుంచి రెండో అంచు వెంట వెనక్కి వచ్చి, మొదటి కొసలోనూ అలాగే చేసి చుట్టు ముగిస్తారు. తరువాతి చుట్లలో గుత్తులు కుట్ల తలల మీద కాక గుత్తుల నడుమ ఖాళీల్లో పడతాయి కనుక పని చకచకా సాగుతుంది. ప్రతి మూలలో రెండేసి గుత్తులు వేయాలి, అవి తగ్గితే అల్లిక పరుచుకోక గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. నాలుగు వైపులా పెరుగుదల సమానం కాబట్టి, పొడవు వెడల్పుల మధ్య తేడా చివరిదాకా దాదాపు మొదటి గొలుసు పొడవే ఉంటుంది: రెండడుగుల గొలుసుతో మొదలైన దుప్పటి నాలుగడుగుల వెడల్పుకు చేరేసరికి పొడవు ఆరడుగులవుతుంది. చుట్టు పెరిగేకొద్దీ ఉన్ని ఎక్కువ పడుతుంది గనుక చిన్న ఉండలను నడిమి చుట్లకు వాడి, పెద్దవాటిని అంచులకు అట్టేపెట్టుకోవడం పొదుపరి లక్షణం.

1930ల ఆర్థిక మాంద్యంలో ఈ పొదుపు అమెరికన్ ఇళ్లకు అవసరమైంది. 1950లో డ్యూపాంట్ సంస్థ ఆర్లాన్ అనే యాక్రిలిక్ పోగు ఉత్పత్తి ప్రారంభించాక, ఇటువంటి కృత్రిమ దారాలు చౌకగా దొరికి, దుప్పటి కోసమే దారం కొనడం మామూలైంది. 1970లలో గ్రానీ చదరాలు చొక్కాల మీదికీ ఎక్కాయి.

తెలుగునాట క్రోషే చరిత్ర అమెరికా కంటే ఐర్లండుకే దగ్గర. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలోని నరసాపురం ప్రాంతంలో పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పగా, అది క్రమంగా ఇతర కులాల ఇళ్లలోకీ పాకి విదేశీ ఎగుమతిగా ఎదిగింది. ఉన్నికి బదులు సన్నని నూలు దారం, సొంత వాడకానికి బదులు ఏజెంటు ఇచ్చే నమూనా; ఇక్కడా విడి ముక్కలు అల్లేవారు వేరు, వాటిని కలిపే అతుకు పని చేసేవారు వేరు. 1982లో వెలువడిన అధ్యయన గ్రంథంలో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ దీని లోగుట్టు విప్పారు: ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను గృహిణులుగా, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె నిరూపించారు. అమెరికన్ గృహిణి నిజంగా తీరిక వేళల్లో తన ఇంటికోసం అల్లుకున్న కుట్టుకూ, నరసాపురంలో తీరిక పేరుతో చవకగా కొన్న కుట్టుకూ సాంకేతికంగా తేడా లేదు, ధరలోనే ఉంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది గాని, అల్లేవారి కూలిరేటును నిర్ణయించదు.