జహరా మడుగులు – వలస పక్షుల మజిలీ

ప్రయాణం మధ్యలో బాటసారి బండి విప్పి, వంట చేసుకొని, రాత్రికి తలదాచుకొనే చోటును మనవారు ‘మజిలీ’ అన్నారు. కాశీమజిలీ కథలు విని పెరిగిన పెద్దలకు ఈ మాటను వివరించనక్కరలేదు. అరబ్బీలోని ‘మంజిల్’ అనే మాటే ఉర్దూ మీదుగా మనకు మజిలీగా వచ్చింది. కువైట్‌లో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు దీనికంటె తగిన మాట దొరకదేమో! ఈ గడ్డ మీద మనకంటె ఎన్నో వేల ఏండ్ల ముందునుంచి మజిలీ చేస్తున్న వారున్నారు. వారే వలస పక్షులు. ప్రతి వసంతంలోను అవి దిగే జహరా మడుగుల చరిత్రను మన పిల్లల కోసం ఇక్కడ క్లుప్తంగా చెప్పదలచుకొన్నాము.

కువైట్ నగరానికి పడమరగా, కువైట్ అఖాతం కొసన, జహరా పట్టణం ఉన్నది. చమురు రాకముందు అది మంచినీటి బావులు, ఖర్జూరపు తోటలు గల చిన్న ఊరు. ఎడారి దారిన వచ్చే ఒంటెల బిడారులకు నీరు దొరికే చోటు. 1920 అక్టోబరులో నజ్ద్ నుండి వచ్చిన ఇఖ్వాన్ సేనలకు, షేక్ సాలిం అల్ ముబారక్ నాయకత్వాన కువైట్ వారికి ఘోరయుద్ధం జరిగింది ఇక్కడే. ఆనాటి ఎర్రకోట ఇప్పటికీ నిలిచి ఉన్నది. నీరున్న చోటనే ఊరు, ఊరున్న చోటనే యుద్ధం అన్నది మన రాయలసీమ వారికి చెప్పవలసిన సంగతి కాదు.

నేటి మడుగులు ఆ పాత బావుల నీటితో ఏర్పడినవి కావు. జహరా పట్టణం పెరిగిన తరువాత, శుద్ధి చేసిన మురుగునీటిని పల్లపు నేలలోకి వదిలారు. ఆ నీరు సముద్రం వైపు పారుతూ గుంటల్లో నిలిచింది. నిలిచిన చోట రెల్లుజాతి గడ్డి మొలిచింది. మన కొల్లేటిలో కిక్కిస అంటామే, దానికి ఇది దగ్గరి చుట్టం. గడ్డిలో పురుగులు చేరాయి, నీటిలో చిన్న చేపలు చేరాయి, వాటి వెంట పక్షులు వచ్చాయి. ఒకరు పిలిచినది లేదు, మరొకరు ఏర్పాటు చేసినది లేదు. వచ్చిన పక్షులను చూసి ప్రభుత్వం మేలుకొని, 1987లో ఈ ప్రాంతాన్ని రక్షిత స్థలంగా ప్రకటించింది. అంటే మనుషులు వాడి పారబోసిన నీటి చుట్టూ ఒక అభయారణ్యం వెలసినదన్న మాట.

ఇంత చిన్న దేశంలో 400కు పైగా పక్షిజాతులు నమోదైనాయంటే పిల్లలు నమ్మరు. వాటిలో అధికభాగం ఇక్కడ పుట్టినవి కావు, ఇక్కడ గూడు కట్టేవీ కావు. ఆఫ్రికాలోను, అరేబియా దక్షిణ తీరంలోను చలికాలం గడిపి, ఇరాక్, ఇరాన్, రష్యా, మధ్య ఆసియా, సైబీరియా దేశాలకు గూళ్ళు కట్టుకోవడానికి పోతూ దారిలో దిగేవి. దక్షిణాన అరేబియా ఎడారి, తూర్పున గల్ఫ్ సముద్రం. ఈ రెండూ దాటి వచ్చిన అలసిన పక్షికి, గల్ఫ్ తలాపున కనిపించే పచ్చని చెట్టూ మంచినీరూ ప్రాణంతో సమానం.

వసంతపు రాకపోకలు ఒక వరుసలో సాగుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గద్దలు, డేగలు వేడిగాలి సుడుల మీద రెక్క ఆడించకుండా ఉత్తరానికి తేలిపోతాయి. ఆ వెనుక వానకోవెలలు. మనకు ఉగాది వచ్చేనాటికి హుద్‌హుద్ పిట్ట నేల మీద పొడుచుకుంటూ కనబడుతుంది. తలపై తురాయి విప్పే ఈ పిట్ట పేరు విశాఖ వారు మరువలేరు; 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన తుఫానుకు ఒమన్ దేశం సూచించిన పేరు ఇదే. ఏప్రిల్‌లో రద్దీ పరాకాష్ఠకు చేరుతుంది. నీటి అంచున పొడుగు ఎర్రకాళ్ళ ఉల్లంకులు, కిక్కిస మాటున చిన్న కొంగలు, తీగల మీద తేనెటీగలను గాలిలోనే పట్టితినే పచ్చపిట్టలు. ఏప్రిల్ చివర, మే మొదట పాలపిట్టలు వస్తాయి. ఇవి దసరానాడు మనం వెదికి చూచే పాలపిట్టలు కావు, యూరపు జాతివి. కాని ఆ నీలిరెక్క విప్పినప్పుడు చూస్తే దాయాదులని తెలిసిపోతుంది.

ఈ ప్రయాణంలో గల కష్టం కూడ పిల్లలకు తెలియాలి. 10 గ్రాములైనా తూగని చిన్నపిట్ట ఆఫ్రికాలో బయలుదేరి సైబీరియా దాకా పోతుంది. బయలుదేరే ముందు బాగా తిని కొవ్వు పట్టిస్తుంది. కొన్ని పిట్టల బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ కొవ్వే దారి బత్తెం. చాలా చిన్నపిట్టలు చల్లని రాత్రివేళ ఎగిరి, పగలు దిగి మేస్తాయి. ఎదురుగాలి, ఇసుకతుఫాను వస్తే బత్తెం ముందుగానే అయిపోతుంది. అప్పుడు మజిలీలో పురుగూ నీరూ దొరకకపోతే ఆ పిట్ట గమ్యం చేరదు. గూడు కట్టే చోటును కాపాడి, చలికాలపు చోటును కాపాడి, నడుమ మజిలీని పాడుచేస్తే ఆ రెండు కాపులూ వ్యర్థమే. బస్రా పేరు పెట్టుకొన్న ఒక చిన్న కిక్కిస పిట్ట దీనికి సాక్ష్యం. అది తూర్పు ఆఫ్రికా నుండి వచ్చి ముఖ్యంగా ఇరాక్ దక్షిణపు చిత్తడి నేలల్లో గూడు కడుతుంది. 1990 దశకంలో సద్దాం ప్రభుత్వం ఆ నేలలను ఎండగట్టింది; 2003 తరువాత గాని అక్కడికి నీరు తిరిగి రాలేదు. ఈనాడు ఆ పిట్ట అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేరింది. అది కువైట్‌లో ఆగి మేసే నాలుగు రోజులు దాని జాతికే ఆధారం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ సంవత్సరం మనవారు ఎలా బయటపడ్డారో ప్రతి ఇంటా ఒక కథ ఉన్నది. చేతిలో ఒక సంచితో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుండి ఎయిరిండియా విమానాల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులు ఇల్లు చేరారు. 1991 ఫిబ్రవరిలో పారిపోతున్న ఇరాక్ సైన్యపు వాహనాలు తగలబడినది జహరా నుండి ఉత్తరానికి పోయే రోడ్డు మీదనే. 600కు పైగా చమురు బావులు మండినాయి; చివరి బావి ఆరినది 1991 నవంబరు 6న. ఎడారిలో చమురు గుంటలు కట్టి, ఎండకు నీటిలా మెరిసినాయి. ఆ ఏడు వసంతంలో వచ్చిన పక్షులకు యుద్ధం సంగతి తెలియదు. నీరనుకొని దిగినవి మరి లేవలేదు. మనుషులకు కబురు అందింది, విమానం వచ్చింది. పక్షులకు కబురు చెప్పేవారెవరు?

అయినా మరుసటి ఏళ్ళలో పక్షులు మళ్ళీ వచ్చాయి. మనవారూ మళ్ళీ వచ్చారు. 2014లో కువైట్ 42వ నంబరు పర్యావరణ చట్టం చేసింది. 2015లో చిత్తడి నేలల రక్షణకై ఏర్పడిన రామ్‌సర్ ఒడంబడికలో చేరి, బూబియాన్ దీవిలోని ముబారక్ అల్ కబీర్ రక్షిత స్థలాన్ని ఆ జాబితాకెక్కించింది. అయినను వలలు పన్నేవారు, తుపాకి పట్టేవారు పూర్తిగా మానలేదు. ఇక మడుగుల ప్రాణమంతా మనుషులు వదిలే నీటిలోనే ఉన్నది. ఆ నీటిని మరొక పనికి మళ్ళిస్తే కిక్కిస ఎండుతుంది, మజిలీ ఎత్తిపోతుంది.

‘పోయేవాళ్ళం, మనకెందుకు?’ అని మనలో కొందరు అంటారు. కువైట్‌లో మనకు పౌరసత్వం లేదు, ఏనాటికైనా వెళ్ళవలసినవారమే, నిజమే. అయితే 1929లో రాజకీయ ప్రతినిధి భార్యగా వచ్చిన వయొలెట్ డిక్సన్ 1990 దాకా ఇక్కడే ఉండి, ఈ ఎడారి పువ్వులను ఏరి, గుర్తించి 1955లో గ్రంథం ప్రకటించింది. ఒక పూలమొక్కకు శాస్త్రనామంలో ఆమె పేరే పెట్టారు. ఆమె కూడ బయటి నుండి వచ్చినదే గదా! మన సంగతి చూద్దాము. కువైట్‌కు ఎందరినో పంపిన కడప జిల్లాలోనే కలివికోడి ఉన్నది. 1848లో జెర్డన్ లోకానికి తెలిపిన ఆ పక్షి 1900 తరువాత పండితులకు కనబడక, అంతరించినదని అనుకొన్నారు. 1986 జనవరిలో అక్కడి పొదల నేలలోనే మళ్ళీ దొరికింది. ఆ పొదల్లో తిరిగే స్థానికుల ఎరుక తోడ్పడినందుననే అది దొరికింది. నేలను ఎరిగినవారు ఉంటేనే దాని జీవాలకు దిక్కు.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలను ‘మీది ఏ ఊరు?’ అని అడిగితే తడబడతారు. తాతగారి రాజంపేట చెప్పాలా, తాము బడికి పోయిన సాల్మియా చెప్పాలా అని సంశయం. కొందరు అమెరికాకు, ఆస్ట్రేలియాకు కూడ సాగిపోయారు. వారికి మా మనవి ఒకటే. గూడున్న చోటూ మీదే, మజిలీ చేసిన చోటూ మీదే. పిట్ట రెండింటినీ గుర్తుంచుకొంటుంది. ఏటా అదే దారిన తిరిగి వస్తుంది.

ఏప్రిల్‌లో ఒక సెలవునాడు కుటుంబంతో వెళ్ళి చూడండి. రక్షిత స్థలంలోకి పోయే నియమాలు మారుతుంటాయి గనుక ముందుగా విచారించి అనుమతి తీసుకోండి. తెల్లవారగనే చేరితే మంచిది. ఎండ ఎక్కితే పక్షులు నీడకు పోతాయి. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం చాలు. పక్షుల వెంట పరుగెత్తవద్దు, గూటి దగ్గరకు పోవద్దు, పులిహోర పొట్లాల కాగితాలు అక్కడ వదలవద్దు. చూచిన పిట్టపేరు, తేదీ పిల్లల చేత తెలుగులో వ్రాయించండి. పదేళ్ళు అలా వ్రాస్తే మన కుటుంబాల చేతిలో కూడ ఈ దేశపు చరిత్రలో ఒక పుట ఉంటుంది.