విష లోహాలు, ఫ్లోరైడ్ – మెదడులో ఆక్సీకరణ ఒత్తిడి (అనంతపురం పీఠభూమి)

ఆక్సిజన్ నుంచి కణంలో పుట్టే చురుకైన అణువులు అక్కడి రక్షక పదార్థాల అదుపు దాటిపోతే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. శరీర బరువులో మెదడు 2 శాతమే, వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. పైగా నాడీకణాల పొరల్లో తేలికగా ఆక్సీకరణం చెందే కొవ్వులు ఎక్కువ.

సీసం రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థంలోని గంధకానికి అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. హీమ్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును కూడా అడ్డుకుంటుంది. దాంతో పేరుకునే అమినోలెవులినిక్ ఆమ్లం ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను పుట్టిస్తుంది. కాల్షియం, ఇనుము చాలని పిల్లల పేగులు సీసాన్ని మరింత పీల్చుకుంటాయి. అంటే, విషం ఎంతన్నది ఎంత ముఖ్యమో, కంచంలో ఏముందన్నదీ అంతే ముఖ్యం.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛ లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇతర సంస్థల పరిశీలనలో పురుగుమందుల జాడలూ బయటపడ్డాయి కాబట్టి దాన్ని సీసం ఖాతాలోనే రాసేయడం సరికాదు.

అనంతపురంలో ప్రధాన సమస్య ఫ్లోరైడ్. అది లోహం కాదు, అయినా జంతు ప్రయోగాల్లో మెదడుకు ఇలాంటి ఒత్తిడినే కలిగించింది. ఏడాదికి సుమారు 550 మి.మీ. వానే పడే ఈ నేలలో చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయే కొద్దీ, గ్రానైటు రాళ్ల మధ్య చాలాకాలం నిలిచి ఫ్లోరైడ్ చేరిన నీళ్లే తాగాల్సి వస్తోంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మి.గ్రా.; వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. ఆ 1.5 దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉంటోందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024లో ఒక మోస్తరు నమ్మకంతో తేల్చింది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. చింతపండు పులుసు కాచే సిల్వర్ గిన్నెలోని అల్యూమినియాన్ని పులుపు, ఫ్లోరైడ్ కలిసి కరిగించగలవు; అలా తిండిలోకి మరో లోహం చేరుతుంది.

1995–96లో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరు చేర్చింది. నీటి సంగతి అలా మెరుగైనా, తిండి సంగతి వేరు. కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను పట్టేసి రక్తంలోకి పోకుండా కొంత ఆపుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 కూడా ఉండదు. వేరుశనగ సాగు పెరిగి, చౌక బియ్యం వచ్చాక రాయలసీమ ఇళ్లలో రాగి సంగటి తగ్గింది.